రొడ్డచెయ్యి వాటం ఉంటే ఏ కాలు ముందు పెట్టాలి? కోచ్ ఒకటి అంటున్నాడు, నా ఒళ్లు ఇంకోటి అంటోంది

కల్లూరు_కుర్రోడు
డిగ్రీ రెండో సంవత్సరం, కర్నూలు. బాక్సింగ్ ఈ ఎండాకాలంలోనే మొదలుపెట్టా. నేను అన్నం తినేది, రాసేది కుడిచేత్తో. రాయి విసిరేది, బౌలింగ్ చేసేది ఎడమచేత్తో. చిన్నప్పుడు ఎడమచేత్తో ముద్ద ఎత్తితే మా అవ్వ చేతి మీద ఒకటి తగిలించేది. పలక దగ్గర కూడా అదే కథ. అట్లా కుడి అలవాటైంది.

కోచ్ చేరిన రోజే "ఏ చేత్తో రాస్తావ్?" అని అడిగాడు. కుడి అన్నా. "అయితే ఎడమకాలు ముందు" అన్నాడు, అంతే. ఇప్పుడు కుడిచేత్తో క్రాస్ (వెనక చేత్తో నేరుగా వేసే దెబ్బ) కొడితే బ్యాగ్ కదలదు. ఎవరూ లేనప్పుడు కుడికాలు ముందు పెట్టి ఎడమచేత్తో కొడితే బ్యాగ్ వెనక్కి పోయి గొలుసు గలగలమంటుంది. అది చూశాడంటే కేకలు. "బేసిక్స్ వచ్చేదాకా వేషాలొద్దు" అంటాడు.

ఆయన చెప్పినట్టే పోవాలా, మార్చమని అడగాలా? రెండు స్టాన్సుల్లో, అదే నిలబడే తీరుల్లో, లాభమేంది, నష్టమేంది? ఆడినోళ్లు చెప్పండి. యూట్యూబ్ చూసినోళ్లు కూడా చెప్పండి, కానీ యూట్యూబ్ అని ముందే చెప్పండి.

బురుజుకాడ_బాబు
ఏ కాలు ముందున్నా ముక్కు మధ్యలోనే ఉంటుందప్పా. ముందు దాన్ని కాపాడుకో.

కడప_కారందోశ
నాది యూట్యూబే. ముందే చెప్పేశా. కుడికాలు ముందు పెట్టు. దాన్ని సౌత్‌పా అంటారు, ఆ పేరు వింటేనే అవతలివాడికి సగం టెన్షన్.

గుత్తిరోడ్డు_పీఈటీ
కోచ్‌ను తప్పుపట్టే ముందు ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. మన ఊళ్లల్లో ఒక కోచ్‌కు పాతికమంది పిల్లలు, దెబ్బలు పట్టే ప్యాడ్స్ ఒక జత. ఆయన చూపించే ప్రతి అడుగు, ప్రతి కాంబినేషన్ ఎడమకాలు ముందున్నవాడి కోసమే. ఒక్క పిల్లవాడు ఎదురు స్టాన్స్‌లో ఉంటే వాడికి అన్నీ తిప్పి చెప్పాలి, ప్యాడ్స్ కూడా తిప్పి పట్టాలి. "ఎడమకాలు కదుపు" అని అరిస్తే పాతికమందీ కదుపుతారు, వీడు మాత్రం ఏ కాలో ఆలోచిస్తూ నిలబడతాడు. మొదట అందరికీ ఒకటే నేర్పడం బద్ధకం కాదు, అవసరం.

పైగా ఆర్థోడాక్స్, అంటే ఎడమకాలు ముందు పెట్టడం, చెడ్డ స్టాన్సేం కాదు. ముందు గడ్డం దించడం, చెయ్యి కొట్టిన దారినే వెనక్కి తేవడం, కాళ్లు పెనవేసుకోకుండా జరగడం నేర్చుకో బాబూ. అవి వస్తే ఏ కాలైనా ఒకటే.

అనంత_రింగ్‌సైడ్
పీఈటీ సార్ చెప్పిన ఇబ్బంది నిజమే. యూనివర్సిటీకి ఆడిన రోజుల్లో మా దగ్గర కూడా అదే పరిస్థితి. కానీ రాసే చెయ్యిని చూసి స్టాన్స్ తేల్చడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. మన ఇళ్లల్లో ఎడమచేతి వాటం వాళ్లు చాలామంది కుడిచేత్తోనే తింటారు, కుడిచేత్తోనే రాస్తారు. అది పెద్దోళ్ల చలవ, ఒంటి వాటం కాదు. సచిన్ రాసేది ఎడమచేత్తో, బ్యాటింగ్ చేసింది కుడివాటంగా. గంగూలీ బౌలింగ్ కుడిచెయ్యి, బ్యాటింగ్ ఎడమ. ఒక పని చూసి ఇంకో పని చెప్పలేం.

కుర్రోడా, ఒక పని చెయ్. ఖాళీ స్థలంలో బలంగా ఒక రాయి విసురు. విసిరేటప్పుడు ముందుకు ఏ కాలు పడుతుందో చూడు. ఎడమచేత్తో విసిరేవాడికి కుడికాలు ముందు పడుతుంది, వెనక ఎడమకాలు నేలను తన్నుతుంది, నడుము తిరుగుతుంది, చివర్న చెయ్యి వస్తుంది. అదే సౌత్‌పా. నీ ఒంటికి ఆ దారి ఏళ్ల నుంచీ తెలుసు. కుడి క్రాస్‌లో బలం లేదంటే కారణం చెయ్యి కాదు, వెనకున్న కుడికాలికి తన్నడం తెలియకపోవడం.

ముందు చేతి పని వేరు, వెనక చేతి పని వేరు. ముందు చెయ్యి దూరం కొలుస్తుంది, అవతలివాడి చూపుకు అడ్డం పడుతుంది, జాబ్‌తో (ముందు చేత్తో నేరుగా వేసే చురుకు దెబ్బ) దారి తెరుస్తుంది. బౌట్‌లో ఎక్కువసార్లు పోయేది అదే. వెనక చెయ్యి ఎక్కువ దూరం ప్రయాణించాలి, ఆ దూరంలోనే మడమ, నడుము, భుజం వరసగా తిరిగి బలం చేరుతుంది. మామూలుగా బలమైన చెయ్యిని వెనక పెట్టేది అందుకే.

మామూలుగా అన్నా. ఎందుకంటే దీనికి ఎదురు ఉదాహరణలు ఉన్నాయి. ఆస్కార్ డి లా హోయా, మిగెల్ కోటో అనే ప్రపంచ ఛాంపియన్లు ఇద్దరూ పుట్టుకతో ఎడమచేతి వాటం, ఆడింది మాత్రం ఎడమకాలు ముందు పెట్టి. బలమైన చెయ్యి ముందుండటంతో వాళ్ల జాబ్ ఊరికే తాకి పోయేది కాదు, ఎడమ హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి వేసే దెబ్బ) అయితే చెప్పనక్కర్లేదు. కాబట్టి మీ కోచ్ చెప్పిన దారి మూసుకుపోయిన దారేం కాదు. కారణం తప్పు చెప్పాడు, అంతే.

ప్రొద్దుటూరు_సౌత్‌పా
రింగ్‌సైడ్ అన్నా, డి లా హోయా పేరు చెప్పి పిల్లోణ్ని భయపెట్టకు. ఆయనకు ఒలింపిక్స్ బంగారు పతకం వచ్చింది. మన పిల్లోనికి ఇంకా బ్యాగే కదలడం లేదు.

నేను కాలేజీలో ఆడా, ఇప్పుడు సాయంత్రాలు ఆడపిల్లలకు నేర్పిస్తున్నా. రొడ్డచెయ్యి. నన్ను కూడా మొదట ఎడమకాలు ముందు నిలబెట్టారు. రింగ్‌లో ఎవరైనా మీదికి వస్తే చాలు, తెలియకుండానే కాళ్లు మారిపోయేవి. టెన్షన్‌లో ఒళ్లు తన వాటానికే పోతుంది. నేర్పింది ఒకటి, బెదిరితే వచ్చేది ఒకటి అయితే ఆ మారే క్షణంలోనే దెబ్బ పడుతుంది. ఆ క్షణంలో కాళ్లు రెండూ ఒకే వరసలో ఉంటాయి, నెట్టినా పడిపోతాం.

సౌత్‌పాకు ఉన్న పెద్ద లాభం బలం కాదు, అలవాటు. మనకు రోజూ ఎదురయ్యేది ఆర్థోడాక్స్ వాళ్లే. వాళ్లకు మనలాంటోళ్లు ఎప్పుడో ఒకరు తగులుతారు. పెద్దల అమెచ్యూర్ బౌట్ మూడు నిమిషాల రౌండ్లు మూడే. అవతలివాళ్లు జాబ్ ఎందుకు తగలడం లేదో తెలుసుకునేసరికి రెండో రౌండ్ గంట కొడతారు.

ఆదోని_పత్తిమూట
అక్కా, జాబ్ ఎందుకు తగలదు? చెయ్యి అంతే పొడుగు కదా.

ప్రొద్దుటూరు_సౌత్‌పా
@ఆదోని, ఇద్దరూ ఆర్థోడాక్స్ అయితే ఒకరి ముందు చెయ్యి ఎదురుగా ఇంకొకరి వెనక చెయ్యి ఉంటుంది, మధ్యలో దారి ఉంటుంది. ఒకరు ఆర్థోడాక్స్, ఒకరు సౌత్‌పా అయితే ముందు చేతులు రెండూ ఎదురెదురుగా వస్తాయి. గ్లోవ్ మీద గ్లోవ్ తగులుతుంది. జాబ్ వేస్తే ముందు ఆ చెయ్యి అడ్డం. ముందు కాళ్లు కూడా ఎదురెదురే, ఒకరి బొటనవేలు ఒకరు తొక్కుతుంటారు.

అక్కడ గొడవంతా పాదం ఎవరిది బయట ఉంది అనే దాని మీదే. నా కుడిపాదం అవతలి అమ్మాయి ఎడమపాదానికి బయటివైపు పడితే నా ఎడమచెయ్యి నేరుగా ఆమె గడ్డం మీద ఉంటుంది, ఆమె కుడిచెయ్యి నన్ను అందుకోవాలంటే తిరగాలి. అందుకే నేను నా కుడివైపుకే జరుగుతుంటా, ఆమె కుడిచేతికి దూరంగా. ఆమె తెలివైనదైతే తన ఎడమపాదాన్ని నా పాదానికి బయట పెడుతుంది, అప్పుడు కథ తిరగబడుతుంది.

బురుజుకాడ_బాబు
ఆర్టీసీ బస్సులో సీటు కోసం కాలు పెట్టేది కూడా ఇదే టెక్నిక్.

గుత్తిరోడ్డు_పీఈటీ
అమ్మా ప్రొద్దుటూరు, అలవాటు లాభం అన్నావు. ఒప్పుకుంటా. కానీ పై స్థాయికి పోయేకొద్దీ ఆ లాభం కరిగిపోతుంది. అక్కడ అందరికీ సౌత్‌పా పార్ట్‌నర్లు ఉంటారు. 2015లో మేవెదర్, పకియావ్ బౌట్ చూడండి. పకియావ్ సౌత్‌పా. మేవెదర్ జాబ్ కోసం పెనుగులాడకుండా కుడిచెయ్యినే మొదటి దెబ్బగా వేస్తూ పోయాడు. ముగ్గురు జడ్జీలూ మేవెదర్‌కే ఇచ్చారు.

ఇంకో పాత ముచ్చట. 1994లో మైకేల్ మూరర్ హెవీవెయిట్ ఛాంపియన్, సౌత్‌పా. ఎదురుగా 45 ఏళ్ల జార్జ్ ఫోర్‌మన్. తొమ్మిది రౌండ్లు మూరర్‌దే పైచెయ్యి. పదో రౌండ్లో ఫోర్‌మన్ కుడిచెయ్యి నేరుగా గార్డ్ (కాపుగా ఎత్తి పెట్టుకున్న చేతులు) మధ్యలోంచి పోయింది, మూరర్ లేవలేదు. సౌత్‌పా ఎడమచెయ్యి నీ మీదికి నేరుగా వచ్చే దారి ఏదో, నీ కుడిచెయ్యి పోయే దారి కూడా అదే. అది రెండు వైపులా తెరిచిన తలుపు.

అనంత_రింగ్‌సైడ్
సార్, ఫోర్‌మన్ కుడిచెయ్యి ఏ స్టాన్స్‌లో ఉన్నోడికి తగిలినా లేవడు :)

కానీ పాయింట్ సరైందే. ఉసిక్, లోమచెంకో లాంటి సౌత్‌పాలు గెలిచింది వింతగా నిలబడినందుకు కాదు. వాళ్ల పాదాలు చూడండి. లోమచెంకోకు 2008, 2012 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు. అవతలివాడు తిరిగేలోపే పక్కకు వెళ్లి నిలబడి ఉంటాడు.

కడప_కారందోశ
ఎడమచెయ్యోళ్లకు ఇంకో లాభం ఉందని విన్నా. గుండె ఎడమవైపు కదా, సౌత్‌పా నిలబడితే ఎడమవైపు వెనక్కి పోతుంది, గుండె భద్రం.

నంద్యాల_ఫిజియో
గుండె ఛాతీ మధ్యలో, కాస్త ఎడమకు ఒరిగి ఉంటుంది, చుట్టూ పక్కటెముకలు. స్టాన్స్‌తో దానికి వచ్చే భద్రత ఏమీ లేదు. మీరు పట్టించుకోవాల్సింది కాలేయం. అది కుడివైపు, కింది పక్కటెముకల చాటున ఉంటుంది. అక్కడ గట్టి దెబ్బ పడితే ఒక్క క్షణం ఏమీ తెలియదు, తర్వాత కాళ్లు వాటంతటవే మడతపడతాయి. గడ్డం మీద దెబ్బ తిన్నవాడు లేవడానికి ప్రయత్నిస్తాడు. కాలేయం మీద తిన్నవాడికి మెలకువ పూర్తిగా ఉంటుంది, ఒళ్లు మాత్రం మాట వినదు.

సౌత్‌పా నిలబడితే ఆ కుడివైపే అవతలివాడికి దగ్గరవుతుంది. ఆర్థోడాక్స్ వాడి ముందు చెయ్యి ఎడమ, దాని హుక్ నేరుగా అక్కడికే. కాబట్టి కుర్రోడా, స్టాన్స్ మార్చుకుంటే ముందు కుడి మోచేతిని పక్కటెముకలకు ఆనించి ఉంచడం నేర్చుకో. జాబ్ వేసి చెయ్యి చాచి మర్చిపోతే ఆ చోటు మొత్తం ఖాళీ.

ప్రొద్దుటూరు_సౌత్‌పా
డాక్టర్ గారూ, ఇంకో సగం కూడా చెప్పండి. ఆర్థోడాక్స్ వాళ్ల కాలేయం వెనకవైపు ఉన్నా, దానికి ఎదురుగా ఉండేది మా బలమైన ఎడమచెయ్యి. కడుపు మీదికి ఎడమ స్ట్రెయిట్ వేస్తే నేరుగా అక్కడికే పోతుంది. ఇద్దరికీ ఇచ్చిపుచ్చుకునే వ్యవహారమే.

నంద్యాల_ఫిజియో
నేను ఫిజియోనమ్మా, డాక్టర్ అని పిలిస్తే మా ఆసుపత్రిలో నవ్వుతారు. మీరన్నది నిజమే. ఎదురెదురు స్టాన్సుల్లో ఇంకొకటి కూడా నేను చూస్తుంటా, తలలు గుద్దుకోవడం. ముందు కాళ్లు, ముందు భుజాలు ఒకే చోటికి వస్తాయి కాబట్టి ఇద్దరూ ఒకేసారి ముందుకు వంగితే నుదురు నుదురు తగులుతుంది. కనుబొమ్మ చిట్లి కుట్లు పడతాయి. స్పారింగ్‌లో, అంటే ప్రాక్టీస్ బౌట్‌లో, హెడ్‌గేర్ లేకుండా దిగొద్దు.

కల్లూరు_కుర్రోడు
రాయి విసిరి చూశా రింగ్‌సైడ్ అన్నా. మేడ మీద నుంచి కాదులే, కేసీ కాలువ గట్టు మీద. కుడికాలే ముందు పడింది. మా స్నేహితునితో వెనక నుంచి తోయించుకుని కూడా చూశా, దాంతో ఏమీ తేలలేదు, ఒకసారి ఒక కాలు, ఇంకోసారి ఇంకో కాలు.

ఇప్పుడు రెండూ నేర్చుకుంటే పోలా? ఒక రౌండ్ ఇటు, ఒక రౌండ్ అటు?

బురుజుకాడ_బాబు
కేసీ కాలువలో చేపలకు హెడ్‌గేర్ ఉండదప్పా, చూసి విసురు.

అనంత_రింగ్‌సైడ్
వద్దు. కనీసం ఇప్పుడు వద్దు. రెండూ బాగా ఆడేవాళ్లు లేకపోలేదు. టెరెన్స్ క్రాఫర్డ్ రెండు వైపులా ఆడేవాడు, 2023లో ఎరల్ స్పెన్స్ మీద ఎక్కువసేపు సౌత్‌పాగానే నిలబడి అతన్ని చిత్తు చేశాడు. కానీ ఆయనకు రెండూ సమానంగా వచ్చు. మనకు ఒకటే సగం వచ్చు.

వచ్చినోళ్లకు కూడా ఎప్పుడు మార్చాలన్నది పెద్ద ప్రశ్న. 1987లో హ్యాగ్లర్, షుగర్ రే లియోనార్డ్ బౌట్. హ్యాగ్లర్ ఏళ్ల తరబడి సౌత్‌పా ఛాంపియన్. ఆ రోజు ఎందుకో ఆర్థోడాక్స్‌గా మొదలుపెట్టాడు. తర్వాత తన స్టాన్స్‌కు వచ్చాడు గానీ మొదటి రౌండ్లు అప్పటికే పోయాయి. చివరికి స్ప్లిట్ డెసిషన్‌తో (ఇద్దరు జడ్జీలు అటు, ఒకరు ఇటు) ఓడిపోయాడు. జడ్జీల లెక్క మీద ఈరోజుకీ కొట్లాడుకుంటారు, కానీ ఆ మొదటి రౌండ్లు ఎందుకిచ్చాడయ్యా అని మాత్రం ఆయన అభిమానులే తల పట్టుకుంటారు.

కడప_కారందోశ
నాకు ఇద్దరి మాటా కాదు, మేవెదర్ షెల్ నచ్చుతుంది. ఎడమచెయ్యి నడుము దగ్గర, భుజం గడ్డం దగ్గర, కుడిచెయ్యి చెంప దగ్గర. దెబ్బ భుజం మీదుగా జారిపోతుంది, తిరిగి కుడిచేత్తో ఒకటి. చూడ్డానికే ఎంత బాగుంటుందో. గార్డ్ ఎత్తి పెట్టుకుంటే భుజాలు నొప్పి కూడా.

గుత్తిరోడ్డు_పీఈటీ
భుజాలు నొప్పి పుడతాయని చెయ్యి దించే ప్రతి పిల్లవాడూ నాకు చెప్పే పేరు మేవెదరే. ఆయన తండ్రి బాక్సర్, ఇద్దరు బాబాయిలు బాక్సర్లు. నడక వచ్చేసరికే గ్లోవ్స్ తొడిగారు. ఆ గార్డ్‌కు కావలసింది చెయ్యి కాదు, కన్ను. దెబ్బ బయల్దేరకముందే కనిపెట్టాలి. అలీ చేతులు దించి ఆడాడంటే ఆ కాళ్లు మనకు లేవు, ఆ కాళ్లు నెమ్మదించాక ఆయన తిన్న దెబ్బలూ మనకొద్దు.

అనంత_రింగ్‌సైడ్
కారందోశా, షెల్‌తో మరో చిక్కు. ఆర్థోడాక్స్ వాడి కుడిచెయ్యి వచ్చే వైపు నీ ఎడమ భుజం అడ్డం ఉంటుంది, అందుకే అది పనిచేస్తుంది. ఎదురుగా సౌత్‌పా వచ్చాడనుకో, అతని బలమైన చెయ్యి రెండో వైపు నుంచి వస్తుంది, అక్కడ భుజం లేదు. ఉన్నది చెంప దగ్గరున్న అరచెయ్యి ఒక్కటే. ఈ థ్రెడ్ పెట్టిన కుర్రోడు నీకు ఎదురు పడితే నీ పని అయినట్టే.

అమెచ్యూర్‌లో తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. భుజం తిప్పుతూ వెనక్కి వాలి నిలబడితే జడ్జీకి నువ్వు వెనకబడ్డట్టు కనిపిస్తావు. నడుము కంటే కిందికి తల దించితే రెఫరీ హెచ్చరిస్తాడు.

కడప_కారందోశ
సరే, ఈ ఆదివారం కుర్రోడు కడప రావాలి, ఏడు రోడ్ల కాడ కారందోశ తినాలి, తర్వాత చూసుకుందాం. దోశ నా ఖర్చు.

ఆదోని_పత్తిమూట
నేను పొట్టి. అందరూ నాకంటే చెయ్యి పొడుగున్నోళ్లే. టైసన్ మాదిరి రెండు చేతులూ చెంపలకు పెట్టి ఆడొచ్చా? అది ఆర్థోడాక్సా, సౌత్‌పానా?

అనంత_రింగ్‌సైడ్
@ఆదోని, దాన్ని పీకబూ అంటారు. కస్ డమాటో అనే కోచ్ పద్ధతి. టైసన్ కంటే ముందు ఫ్లాయిడ్ ప్యాటర్సన్ అట్లే ఆడాడు. పేరుకు ఎడమకాలు ముందే గానీ భుజాలు దాదాపు ఎదురుగా తిరిగి ఉంటాయి. దానివల్ల రెండు చేతులూ దగ్గరదగ్గరగా ఒకే దూరంలో ఉంటాయి, హుక్ ఏ వైపు నుంచైనా వస్తుంది. పొట్టోళ్లకు లోపలికి దూరడానికి పనికొస్తుంది. టైసన్ 1986లో 20 ఏళ్లకే హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడంటే ఆ వేగంతోనే.

ఇప్పుడు నష్టం విను. ఎదురుగా తిరిగి నిలబడితే కొట్టడానికి అవతలివాడికి ఛాతీ అంతా దొరుకుతుంది. పక్కకు నెడితే నిలుస్తావు, ఎదురు నుంచి గట్టి స్ట్రెయిట్ పడితే మడమల మీదికి వెనక్కి పోతావు. తల ఆగకుండా కదులుతూ ఉండాలి, మోకాళ్లు వంచే ఉండాలి, తొడలు మండిపోతాయి. తల కదపడం ఆపిన రోజు అది ఊరికే చేతులెత్తి నిలబడటమే. 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ పొడుగు జాబ్‌తో టైసన్‌ను బయటే నిలబెట్టి పదో రౌండ్లో పడగొట్టాడు.

దీనికి వ్యతిరేకం, పూర్తిగా పక్కకు తిరిగి నిలబడటం. ఛాతీ కనబడదు, జాబ్ దూరం పోతుంది. కానీ వెనక చెయ్యి మరీ వెనక్కి పోతుంది, పాదాలు రెండూ ఒకే గీత మీదికి వస్తాయి. పక్క నుంచి చిన్న హుక్ తగిలినా తూలిపోతావు. పొడుగు చేతులోళ్లకు అది నప్పుతుంది. నీకు నప్పదు.

ఆదోని_పత్తిమూట
మొత్తానికి పొట్టోళ్లకు తొడలు మండాల్సిందే.

ప్రొద్దుటూరు_సౌత్‌పా
తప్పదు తమ్ముడూ. పొడుగోళ్లకు మాత్రం పొట్టోడు లోపలికి దూరాక ఏం చెయ్యాలో తెలియదు, అది నీ అదృష్టం.

అందరూ ఏ కాలు ముందు అనే కొట్లాడుతున్నారు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో నేను ముందు సరిచేసేది రెండు కాళ్ల మధ్య ఎడం. సినిమా ఫైటు చూసి కాళ్లు బారగా చాపి నిలబడతారు. గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది, కదలమంటే మాత్రం పాదం లేవదు. దగ్గర పెట్టుకున్నోళ్లు త్వరగా కదులుతారు గానీ ఒక్క జాబ్‌కే పడిపోతారు. భుజాల వెడల్పు, లేదా దానికంటే కాస్త ఎక్కువ. ముందు పాదం కాస్త లోపలికి తిరిగి, వెనక మడమ నేల వదిలి ఉండాలి. ఎడమవైపు జరగాలంటే ముందు ఎడమపాదమే కదలాలి, కుడివైపుకైతే కుడి. పాదాలు ఒకదాన్నొకటి దాటకూడదు. మట్టి నేల మీద సుద్దతో గీత గీసి, గీతకు అటొక పాదం ఇటొక పాదం ఉండేట్టు జరగమంటా. పిల్లలకు విసుగు. ఆ విసుగు పోయేసరికి స్టాన్స్ వచ్చేస్తుంది.

సాయినగర్_నాన్న
మా పాప ఎనిమిదో తరగతి. నిఖత్ జరీన్‌ను టీవీలో చూసినప్పటి నుంచి బాక్సింగ్ అంటోంది. ఆడపిల్లలకు స్టాన్స్ వేరుగా ఉంటుందా? ఇంట్లో వాళ్లమ్మకు ముఖం మీద దెబ్బలని భయం.

ప్రొద్దుటూరు_సౌత్‌పా
సాయినగర్ అన్నా, వేరుగా ఏమీ ఉండదు. ఎత్తు, చేతుల పొడవు, వాటం, ఇవే లెక్క. నిఖత్ నిజామాబాద్ నుంచి పోయి 2022లో ఇస్తాంబుల్‌లో 52 కేజీలు, 2023లో ఢిల్లీలో 50 కేజీల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. కేజీలు మారితే ఎదురొచ్చే వాళ్ల ఎత్తు, వేగం మారతాయి. వాళ్లమ్మను కూడా ఒక సాయంత్రం తీసుకెళ్లండి. మొదట్లో అంతా పాదాలు, తాడాట, గాలిలో గుద్దడమే. ముఖం మీద దెబ్బ దాకా రావడానికి చాలా టైం పడుతుంది.

నంద్యాల_ఫిజియో
కొత్తగా చేరినవాళ్లు నా దగ్గరికి వచ్చేది ముఖం దెబ్బలతో కాదు. మణికట్టు, ముందు మోకాలు, ముందు భుజం. బరువంతా ముందు కాలి మీద వేసి నిలబడితే ఆ మోకాలు బొటనవేలు దాటి పోతుంది, చిప్ప కింద నొప్పి మొదలవుతుంది. బరువు రెండు కాళ్లకూ పంచాలి. స్టాన్స్ మార్చితే నొప్పి పోతుందని ఒకాయన అటు తిరిగి నిలబడ్డాడు, రెండు నెలలకు రెండో మోకాలితో వచ్చాడు.

గుత్తిరోడ్డు_పీఈటీ
ఫిజియో గారి మాట అందరూ రాసి పెట్టుకోండి. నేను ఇంకా నా మాట మీదే ఉన్నా. కోచ్‌తో గొడవ పెట్టుకుని స్టాన్స్ మార్చుకున్నవాడికి ప్యాడ్స్ పట్టేవాడు ఉండడు. సరైన స్టాన్స్‌లో ఒంటరిగా నేర్చుకున్న తప్పుల కంటే, ఎదురు స్టాన్స్‌లో ఒకరు చూస్తుండగా నేర్చుకున్నదే మేలు.

ప్రొద్దుటూరు_సౌత్‌పా
సార్, గొడవ ఎవరు పెట్టుకోమన్నారు? అందరి ముందు కాకుండా, ప్రాక్టీస్ అయ్యాక గ్లోవ్స్ సర్దేటప్పుడు అడగాలి. "సార్, నేను చిన్నప్పటి నుంచి ఎడమచేత్తో విసురుతా, ఒకసారి ఇటు నిలబడి చూపించమంటారా?" అని. వాళ్లకూ లాభమే. క్లబ్బులో ఒక సౌత్‌పా ఉంటే మిగతా పాతికమందికీ ప్రాక్టీస్ దొరుకుతుంది. ఆ మాట చెప్తే ఏ కోచ్ అయినా ఆలోచిస్తాడు.

కల్లూరు_కుర్రోడు
అక్కా, అచ్చం అట్లే అడిగా. మొదట ఏమీ మాట్లాడలా. తర్వాత ప్యాడ్స్ తెచ్చి "కొట్టు" అన్నాడు. ఎడమ స్ట్రెయిట్ వేశా. చెయ్యి విదిలించుకుని "ముందే చెప్పొచ్చు కదరా" అన్నాడు. రాసే చెయ్యి అడిగింది మీరే సార్ అని నోటిదాకా వచ్చింది, మింగేశా.

సౌత్‌పాగానే నిలబడమన్నాడు. కానీ కొత్త తలనొప్పి. ఇప్పుడు కుడిచేత్తో జాబ్ వేయాలి. అది ఏదో రాస్తున్నట్టు పోతోంది, బలం లేదు, తిరిగి రావడం కూడా లేటు. పైగా ఫిజియో గారు చెప్పిన కుడి మోచెయ్యి గాల్లోనే ఉంటోంది.

బురుజుకాడ_బాబు
రాసే చెయ్యి కదా, రాస్తుంది మరి.

అనంత_రింగ్‌సైడ్
జాబ్‌కు ముందు బలం అడక్కు. వేగం, నేరుగా పోవడం, అదే దారిలో వెనక్కి రావడం. గోడకు కుడివైపు ఆనుకున్నంత దగ్గరగా నిలబడి జాబ్ వెయ్. మోచెయ్యి బయటికి లేస్తే గోడకు తగులుతుంది, అదే చెప్తుంది. ఒక రౌండ్ మొత్తం ముందు చెయ్యి తప్ప ఇంకోటి వాడకుండా షాడో చెయ్, అంటే గాల్లో గుద్దు. ఎడమచెయ్యి బాగుంది కదా అని ప్రతిసారీ దాన్నే వదిలితే అవతలివాడు దానికోసమే కాచుకుని ఉంటాడు. ఒక్క ఎడమచెయ్యి మాత్రమే ఉన్న సౌత్‌పాలు ఊరికొకరు ఉన్నారు, మొదటి బౌట్ గెలుస్తారు, తర్వాత ఎవరూ వాళ్లతో మోసపోరు.

నీకు ఒక లాభం కూడా ఉంది. రాసే చెయ్యి కాబట్టి నీ కుడిచేతికి నేర్పు ఉంటుంది. మామూలు ఎడమచేతి వాటం వాళ్లకు ముందు చెయ్యి మొద్దు. నీది అట్లా ఉండదు, కాస్త ఆగు.

కడప_కారందోశ
అవ్వ కొట్టిన దెబ్బలకు ఇప్పుడు వడ్డీ వస్తోందన్నమాట.

ఆదోని_పత్తిమూట
బ్యాగ్ గురించి ఒక మాట. మా దగ్గర బ్యాగ్ లేదు, గోనెసంచిలో పత్తి వేస్టు, పాత బట్టలు కూరి వేలాడదీశాం. అడుగున బరువు కోసం ఇసుక పోశారు మావాళ్లు. కడుపు దెబ్బలు ప్రాక్టీస్ చేస్తే మణికట్టు లాగేస్తోంది.

నంద్యాల_ఫిజియో
ఇసుక తీసేయండి. అది దిగి దిగి గడ్డకడుతుంది, గోడను కొట్టినట్టే. బట్టలే గట్టిగా కూరి, బరువు కావాలంటే మధ్యలో పెట్టండి, చుట్టూ మెత్తగా ఉండాలి. చేతికి బ్యాండేజ్ చుట్టేటప్పుడు మణికట్టు దగ్గర రెండు చుట్లు ఎక్కువ వెయ్యి.

సాయినగర్_నాన్న
పాపకు షూ ఏవి కొనాలి? బాక్సింగ్ షూ అని అడిగితే మా ఊరి షాపులో పరిగెత్తే షూ చూపిస్తున్నారు, మడమ ఇంత ఎత్తు.

ప్రొద్దుటూరు_సౌత్‌పా
అవి వద్దన్నా. మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటే బరువు ముందుకు తోసుకుపోతుంది, పాదం తిప్పేటప్పుడు చీలమండ పక్కకు ఒరుగుతుంది. కబడ్డీ షూ గానీ, అడుగు చదునుగా ఉండే క్యాన్వాస్ షూ గానీ తీసుకోండి. మొదటి ఏడాదికి అవి చాలు. ఎదిగే పిల్ల కదా అని ఒక సైజు ఎక్కువ మాత్రం కొనొద్దు, లోపల పాదం జారుతుంది.

కల్లూరు_కుర్రోడు
కర్నూల్లో చదును షూ ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలిస్తే నాక్కూడా చెప్పండి. నావి మొత్తం అరిగిపోయాయి, అది కూడా ఎడమదే ముందు.

అనంత_రింగ్‌సైడ్
ఎడమ బొటనవేలి కింద అరిగిందా? అయితే వెనక కాలు తిరుగుతోంది, మంచిదే. మడమ వైపు అరిగితే చెప్పు, అప్పుడు తిడతా.